దాచొద్దు, బొంకొద్దు, అప్పగించొద్దు

ఉపదేశి పనిలో చేరబోయే కుర్రవాళ్ళు నా దగ్గరికి వచ్చినప్పుడు మొదట అడిగేది ఒకటే. "తాతా, జపాలన్నీ నోటికి రావాలా?" రావాలి. ఫాదర్ రాలేని ఆదివారం గుడిలో జనం ముందు తడబడితే నవ్వుతారు. అయితే జపాలన్నీ నోటికి వచ్చి, గడపలో నిలబడ్డ మనిషికి మంచినీళ్ళు ఇవ్వడం రానివాళ్ళను నేను చాలామందిని చూశాను. అందులో కొందరు నా పై అధికారులు. వాళ్ళ మీద కోపం ఇంకా తగ్గలేదు. ఈ వయసులో తగ్గించుకునే ఉద్దేశం కూడా లేదు.

ఉపదేశి అంటే ఏమిటో తెలియనివాళ్ళ కోసం ఒక మాట. మా కాలంలో కామారెడ్డి మొదలు ఎల్లారెడ్డి అవతలి దాకా ఒక్కరే ఫాదర్. ఒక ఊళ్ళో పూజ చేసి మళ్ళీ అదే ఊరికి రావాలంటే నెల దాటేది. ఆ మధ్య రోజుల్లో గంట కొట్టేది, పిల్లలకు జపాలు నేర్పేది, జ్వరానికి క్వినైన్ ఇచ్చేది, చచ్చినవాళ్ళను పూడ్చేది, మొగుడూపెళ్ళాల తగవులు తీర్చేది ఉపదేశే. నేను బడి మొహం చూడలేదు. కామారెడ్డి స్టేషన్ బోర్డు మీది అక్షరాలతో మొదలుపెట్టి, దొరికిన కాగితమల్లా కూడబలుక్కుని చదువుకున్నాను. ఆ చదువుతోనే ఎల్లారెడ్డి ఉపదేశినయ్యాను, ఊరివాళ్ళ నోట్లో పంతులునయ్యాను. గుడి అంటే తాటాకు కప్పు. పక్కన నా ఇల్లు.

ఆ ఉద్యోగంలో నాకు ఏమిచ్చారు, ఎప్పుడు ఏ ఊరికి మార్చారు అనేది ఎవరికీ పనికిరాదు. ఒక్క కుటుంబం సంగతి చెబుతాను. పని అంటే ఏమిటో నాకు అక్కడే అర్థమైంది.

ఈత గంపలు

నిజాంసాగర్ కాలువ నీళ్ళు ఎల్లారెడ్డి దిక్కు పొలాలకు అలవాటవుతున్న రోజులు. చెరుకు పెరిగింది, బెల్లం వండకాలు పెరిగాయి, ఎక్కడెక్కడి జనమో పనికి వస్తున్నారు. ఒక ఉదయం గుడి వెనక ఈత పొదల దగ్గర ముగ్గురు కూర్చుని కనిపించారు. ఒక మగమనిషి, నిండు గర్భిణి అయిన అతని భార్య, అతని తల్లి. పేర్లు ఎంకటి, మంగి, పోలమ్మ. ఎరుకలవాళ్ళు. మాట కృష్ణ దిక్కు మాట.

"అన్నం మేం సంపాయించుకుంటామయ్యా," అన్నాడు ఎంకటి. "ఉండటానికి జానెడు నేల చూపించండి, చాలు."

కాసేపటికి అసలు సంగతి చెప్పాడు. బ్రిటిష్ ఇలాఖాలో వాళ్ళ కులం మొత్తాన్నీ పుట్టుకతోనే దొంగలని చట్టం చేసి, ఒక కంచె లోపల పెట్టారు. పొద్దునా సాయంత్రం హాజరీ. చీటీ లేకుండా కంచె దాటితే జైలు. పిల్లలకు కాస్త ఊహ రాగానే, తల్లిదండ్రుల బుద్ధులు అంటకూడదని విడదీసి వేరే ఇంట్లో పెంచేవారు. వీళ్ళ మొదటి బిడ్డ అక్కడే జ్వరంతో పోయింది. పూడ్చిన తరవాతే తల్లికి చెప్పారు. రెండో కాన్పు ఆ కంచెలో జరగకూడదని మంగి పట్టుబట్టింది. చీటీ లేకుండా కంచె దాటారు, రైలెక్కారు, కామారెడ్డిలో దిగి నడుస్తూ ఇక్కడిదాకా వచ్చారు.

అంటే అక్కడినుంచి పారిపోయినవాళ్ళు, ఇక్కడ గైర్‌ముల్కీలు, పరాయి ఇలాఖావాళ్ళు. రెండు సర్కార్ల లెక్కలోనూ నేరస్థులే. మన నిజాం ఇలాఖాలో కూడా ఆ కులంవాళ్ళ మీద పోలీసు థానా కన్ను, దాని పెద్ద అయిన అమీన్ కన్ను ఉండేది. దొరికితే వెనక్కి పంపడం ఖాయం. పంపితే పుట్టబోయే బిడ్డ ఆ కంచెలోకే.

నేను గుడి వెనక పాక వేసుకోమన్నాను. ఎంకటి ఈత బరిగెలు కోసుకొచ్చి గంపలు అల్లడం మొదలుపెట్టాడు. బెల్లం వండేవాళ్ళకు గంపలు ఎన్నయినా కావాలి. మేదరివాళ్ళు వచ్చి నా మీద కేకలు వేశారు. "పంతులూ, మా నోట్లె మట్టి కొడ్తవా?" అన్నారు. ఆ మాట తప్పని నేను ఇప్పటికీ అనను. వచ్చినవాడి ఆకలి ఒక్కటే ఆకలి, ఉన్నవాడిది కాదు అనుకునే ఉపదేశి ఊరిని రెండు ముక్కలు చేస్తాడు. మేదరివాళ్ళది వెదురు పని, ఎంకటిది ఈత పని. వెదురు ముట్టనని ఎంకటి వాళ్ళ ముందు మాట ఇచ్చాడు, నిలబెట్టుకున్నాడు.

నాకు కోపం తెప్పించింది మేదరివాళ్ళు కాదు, మావాళ్ళు.

ఇద్దరు పెద్దలు

నా పైన పెద్ద ఉపదేశి ఇన్నయ్యగారు. కామారెడ్డిలో ఉండేవారు. చెడ్డవారని అనను. గుడికి జనం పెరగాలని మాత్రం ఆయనకు మహా ఆత్రం. సంగతి వినగానే ఫాదర్ దగ్గరికి నన్ను వెంటబెట్టుకుని పోయారు.

ఫాదర్ ఇటలీ మనిషి. ఆయన పేరు మాకు నోరు తిరగక అందరికీ ఫాదర్ దొరే అయ్యారు. తెలుగు గ్రంథాల్లో నేర్చుకున్నారు కాబట్టి ఆయన మాట ఎప్పుడూ చదువుతున్నట్టే ఉండేది.

"ముందుగాల జ్ఞానస్నానం ఇద్దాం దొరా," అన్నారు ఇన్నయ్యగారు. "మనోళ్ళయితరు. గప్పుడు కాపాడుడు మన పని."

"వారు అడిగితిరా?"

"అడుగుతరు దొరా. భయంల ఉన్నరు గద."

"భయమునకును ఆకలికిని నేను జ్ఞానస్నానము ఇయ్యను," అన్నారు ఫాదర్. "మరియమ్మయొక్క పవిత్ర కుటుంబము బిడ్డను కాపాడుకొనుటకు ఐగుప్తునకు పారిపోయినప్పుడు, ఐగుప్తువారు మొదట మతము అడిగితిరా? చీటీ అడిగితిరా?"

"ఐగుప్తుల అమీన్ లేకుండె గావచ్చు దొరా. ఎల్లారెడ్డిల ఉన్నడు."

ఫాదర్ నవ్వారు. వెంటనే ముఖం గంభీరం చేసుకున్నారు. "ఇన్నయ్యా, రాజునకు తన ఇంటికి తలుపు పెట్టు అధికారము కలదు. అది పాపము కాదు. నేనును ఆ తలుపున అనుమతి అడిగియే లోపలికి వచ్చితిని. కాని తలుపు పెట్టినవాడు తట్టినవాని మాట వినవలెను. బిడ్డను కాపాడుకొన వచ్చిన తల్లిని వినకయే త్రోసివేయు చట్టము నా మనస్సాక్షిని కట్టజాలదు."

"అయితే దాచాలెనా, ఏం చెయ్యాలె?" అని నేను అడిగాను.

ఆయన నావైపు తిరిగి మూడు మాటలు చెప్పారు. దాచవద్దు. బొంకవద్దు. అప్పగింపవద్దు.

బయటికి వచ్చాక ఇన్నయ్యగారు తల కొట్టుకున్నారు. "దాచొద్దట, బొంకొద్దట, అప్పగించొద్దట! ఇగ గాలిల నిలబెడ్తమా వాళ్ళను?"

పతకం

ఆ మూడు మాటలు ఒకేసారి ఎలా సాధ్యమో నాకూ తెలియలేదు. ఇన్నయ్యగారికి తెలుసుకునే ఓపిక లేదు. ఫాదర్ సదాశివనగర్ దిక్కు ఊళ్ళకు పోయిన వారం ఆయన ఎల్లారెడ్డి వచ్చి, పోలమ్మ మెడలో మరియమ్మ పతకం వేశారు. సిలువ గుర్తు వేసుకోవడం నేర్పారు. ముసలమ్మ చురుకైనది, ఒక్క పూటలో నేర్చుకుంది.

"ఇది బొంకు కాదా, ఇన్నయ్యగారూ?" అన్నాను.

"నోటితోని ఏమన్న అన్ననా? మెడల ఏసిన, గంతే."

"నోటితోని అంటెనే బొంకా?"

"నీకు అక్షరాలొచ్చినంక నోరు లేచింది రాయప్పా."

వాళ్ళను అమీన్ సాబ్‌కు పట్టించింది ఏ చాడీకోరూ కాదు. ఎంకటి చేతులే. మన దిక్కు గంప అంచును అడ్డంగా చుట్టి ముడివేస్తారు. ఎంకటి అంచును ఆడవాళ్ళ జడలా అల్లేవాడు. అంగడిలో ఆ గంపలు చూసిన అమీన్, ఇది ఈ దిక్కు పని కాదనుకుని, అమ్మేవాళ్ళను అడుగుతూ నేరుగా నా వాకిట్లోకి వచ్చాడు. వెనక ఇద్దరు జవాన్లు.

"ఏం పంతులూ, మీ దేవుడు గంపలల్లుడు ఎప్పటిసంది మొదలువెట్టిండు?"

నేను నోరు తెరిచేలోపు ఇన్నయ్యగారు ముందుకు వచ్చారు. "మా మతపోళ్ళే సాబ్. చూడుండ్రి. పోలవ్వా, సిలువేసుకో."

పోలమ్మ నుదురు, రొమ్ము, భుజాలు తాకి, నాకు కూడా చేతకానంత చక్కగా సిలువ గుర్తు వేసుకుంది. అమీన్ తల ఊపాడు. అంతటితో ఊరుకుంటే ఏమయ్యేదో. కానీ ఎదురుగా పెద్ద మనిషి, కళ్ళెదుట అతని చెయ్యి. జన్మంతా ఎరుక చెప్పి బతికిన ముసలమ్మ. భయంలో అలవాటే ముందుకు వచ్చింది. అమీన్ అరచెయ్యి పట్టేసుకుంది.

"సేతిలో రేక పలుకుతాంది సామీ! నీ ఇంట్లో పచ్చగాజుల చెయ్యి ఒకటి నీ మీద అలిగి కూకుంది. నా కొండదేవర సెప్పించింది, ఉన్నదా లేదా సెప్పు సామీ!"

జవాన్లు ముఖాలు తిప్పుకుని నవ్వారు. అమీన్ కూడా నవ్వాడు. "ఉన్నది అవ్వా, అలిగే ఉన్నది," అన్నాడు. ఆ తరవాత చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ముసలమ్మ మెడలో పతకం చూశాడు. ముఖం మారిపోయింది.

"ఇన్నయ్యా, గది తీయి."

ఇన్నయ్యగారు పతకం తీశారు.

"రోజుకు అయిదు నమాజులు చేస్త నేను. నా ముంగట ఒకడు ఉత్తుత్త నమాజు చేస్తే నాకెట్ల ఉంటది? మీ దేవునికి గట్లనే ఉండదా? మనుషులను దాస్తిరి, సరే. దేవుణ్ణి ముసుగు చేసుడు ఏంది?" తరవాత నావైపు తిరిగాడు. "పంతులూ, మీ ఫాదర్‌ను పిలిపించు. వీళ్ళను తోలుకొని థానాకు రమ్మను. గప్పటి దాక ఈ ముగ్గురు ఇక్కడనుంచి కదిలితే నిన్ను లోపలేస్త."

కుర్రవాళ్ళారా, ఈ తప్పు మనవాళ్ళే చేస్తారు. వచ్చినవాడిని కాపాడాలంటే ముందు వాడిని మనలా తయారుచెయ్యాలనుకుంటాం. వాడు వాడుగానే ఉండి మన గడపలో నిలబడలేడా? నలుగురిలో పెద్దమనుషులుగా తిరిగేవాళ్ళు కూడా నన్ను అడిగారు, "వాళ్ళు మన మతస్థులు కారు గదా, మనకెందుకు?" అని. కడపటి తీర్పు రోజున పరదేశిని చేర్చుకున్నావా అని అడుగుతారని ఆదివారం ఆదివారం మనమే చెబుతాం. ఆ పరదేశి ఏ గుడివాడో అడుగుతారని ఎక్కడైనా చెప్పారా? నాకు ఒళ్ళు మండేది అందుకే.

జామీను

ఫాదర్ బండి కట్టించుకుని కామారెడ్డి నుంచి తాడ్వాయి మీదుగా వచ్చారు. ఆయన వచ్చేలోపు ఎంకటి పారిపోదామన్నాడు. మంగి కదలలేదు. "ఇంక పరిగెత్తలేను మావా. కంటే ఈడే కంటా," అంది.

నేను ఊరికే కూర్చోలేదు. థానాలో ఎవరినైనా విడిచిపెట్టాలంటే పట్టా భూమి ఉన్నవాళ్ళు జామీను ఉండాలి. పట్టాదార్ల ఇండ్లన్నీ తిరిగాను. ఎరుకలవాళ్ళు అనగానే తలుపులు వేశారు. చివరికి సాయవ్వ దగ్గరికి పోయాను. భర్త పోయిన రైతు మనిషి. చెరుకు తోట, బెల్లం వండకం ఆమె చేతి మీదే నడుస్తాయి. ఆమెకు కావలసిన గంపలు ఎంకటి ఆమె ఇంటి దగ్గరే కూర్చుని అల్లుతూ ఉండేవాడు. మరుదులు భూమి మీద కన్నేసి ఆమెను ఏడిపిస్తున్న కాలం. నా మాటంతా వింది. "పో పంతులూ, పొయ్యి మీద పాకం ఉన్నది," అని లోపలికి పోయింది.

థానాలో ఫాదర్ నిలబడే మాట్లాడారు. "అమీన్ సాహెబూ, పతకము మా తప్పు. క్షమింపుడు. వీరు మావారు కారు. చీటీ లేక వచ్చిరి. ఇది నిజము. వెనుకకు పంపినచో ఈ తల్లి రెండవ బిడ్డను కూడ పోగొట్టుకొనును. ఇదియు నిజము. రెండు నిజములు మీ ముందు ఉంచితిని."

అమీన్ మంగి వైపు చూశాడు. "అటు సర్కారుకు ఖబర్ చెయ్యాలె. జవాబు వచ్చేదాక ఉంచుకోవాలంటే జామీను కావాలె. ఎవరుంటరు?"

"నేను."

"ఫాదర్ సాబ్, మీరే పర్దేశి. మీరుండుడే సర్కారు ఇచ్చిన ఇజాజత్ మీద. పర్దేశికి పర్దేశి జామీను నడవది. పట్టా ఉన్నోళ్ళు కావాలె."

ఫాదర్ తల దించుకున్నారు. ఆయన అంత నిస్సహాయంగా నిలబడటం నేను అప్పుడే చూశాను. ఇటలీ నుంచి ఇంత దూరం వచ్చిన మనిషికి ఒక ఎరుకల కుటుంబం కోసం చెయ్యెత్తే హక్కు లేదు.

అప్పుడే వాకిట్లో గొంతు వినిపించింది. సాయవ్వ. చంకలో సగం అల్లిన గంప. దాన్ని తెచ్చి అమీన్ బల్ల మీద పెట్టింది.

"ఇది జూడు అమీనా. గిట్ల సగం సగం గంపలు నా ఇంటినిండ ఉన్నయి. వీళ్ళను తోలేస్తే నా బెల్లం నీ టోపీల పోసుకుంటనా?"

"అవ్వా, ఇది గంపల ముచ్చట గాదు. జామీనుంటే, రేపు ఏడన్న దొంగతనమైతే నిన్నడుగుత."

"అడుగు. నా ఇంట్ల దొంగతనం జేసేది నా మరుదులు. వాళ్ళనైతే నువ్వు ఎన్నడు అడగకపోతివి."

థానా అంతా నవ్వింది. అమీన్ నవ్వాపుకోలేక మీసం దువ్వుకున్నాడు. సాయవ్వ మాత్రం నవ్వలేదు. మంగి దగ్గరికి పోయి, కడుపు మీద చెయ్యి పెట్టి చూసి, "ఇంత పొద్దులు నిండిన దాన్ని నిలబెట్టి పంచాతి చేస్తున్నరు. ముక్కాలిపీట ఎయ్యుండ్రి," అని జవానును కసిరింది.

జామీను అయింది. షరతులు రెండు. ప్రతి అంగడి రోజూ ఎంకటి థానాలో హాజరీ ఇవ్వాలి. అమీన్ అనుమతి లేకుండా ఎల్లారెడ్డి దాటకూడదు. దాటితే జామీను రద్దు, కంచెకు తిరుగు ప్రయాణం. అటు సర్కారు నుంచి జవాబు వచ్చిందో లేదో అమీన్ మాకు చెప్పలేదు. మేము అడగలేదు.

ఆడబిడ్డ పుట్టింది. సాయవ్వే మంత్రసానిని పిలిపించింది. వాళ్ళు క్రైస్తవులయ్యారా అని అందరూ అడుగుతారు. కాలేదు. పోలమ్మ చివరిదాకా కొండదేవరకే మొక్కింది. అయినా మా గుడి కప్పు ఈదురుగాలికి లేచిపోతే, ఎవరూ పిలవకముందే ఎక్కి కట్టింది ఎంకటే.

దాచొద్దు అన్న మాట నాకు అర్థం కావడానికి ఆ థానా చూడాల్సి వచ్చింది. దాచడం దయలా కనిపిస్తుంది. కానీ దాగిన మనిషి దాచినవాడి చేతికింద బతకాలి. అతని కోపానికి భయపడాలి, అతని గుడికి రావాలి, అతను పెట్టిందే తినాలి. పతకం వేస్తే మెడ వంచాలి. నలుగురి ముందు నిలబెట్టి, ఇతను ఇలా వచ్చాడు, ఇందుకు వచ్చాడు, ఏం చేద్దాం అని అడిగితే, అప్పుడు అతను ఊరందరికీ ఎదురుగా నిలబడ్డ మనిషి. అలా అడిగే ధైర్యం మనకు లేక దాస్తాం. అడిగితే మన ఊళ్ళో ఒక్క సాయవ్వ కూడా ఉండదని ముందే తీర్మానించుకుంటాం.

కామారెడ్డి స్టేషన్

యుద్ధం వచ్చింది. ఇటలీ ఇంగ్లీషువాళ్ళకు శత్రువయింది. ఎల్లారెడ్డిలో మాకు ఇటలీ ఎక్కడుందో తెలియదు. మా ఫాదర్ మాత్రం ఒక్క రోజులో శత్రువైపోయారు. ఆయనను ఎక్కడో క్యాంపులో ఉంచుతారని చెప్పారు. అమీన్‌నే కామారెడ్డి దాకా ఆయనకు కాపలాగా రమ్మన్నారు. జనంతో నేనూ పోయాను. అక్కడ పైనుంచి వచ్చిన ఆఫీసరు ఒకరు ప్లాట్‌ఫారం మీద అటూ ఇటూ తిరుగుతున్నాడు.

ఫాదర్ ఒక బెంచీ మీద కూర్చున్నారు. మా ఆడవాళ్ళు ఏడుస్తున్నారు. ఇన్నయ్యగారు కూడా తువ్వాలుతో ముఖం తుడుచుకుంటున్నారు. ఆ గుంపును తోసుకుంటూ ఎంకటి వచ్చాడు. నెత్తిన మూతగంప. అంచు జడలా అల్లి ఉంది. ఎల్లారెడ్డి నుంచి నడిచి వచ్చాడు. ఎవరి అనుమతీ అడగలేదు. అమీన్ అక్కడే నిలబడి చూస్తున్నాడు.

గంప ఫాదర్ కాళ్ళ దగ్గర పెట్టాడు. "బట్టలు పెట్టుకోండయ్యా. మూత గట్టిదే, వాన పడ్డా తడవదు." తరవాత లేచి ఆఫీసరు దగ్గరికి పోయి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అయ్యా, మా ఫాదర్‌ను ఇడిసిపెట్టండి. జామీను నేనుంటా."

ఆఫీసరు అతన్ని కింది నుంచి పైదాకా చూశాడు. "నువ్వా? భూమి ఉన్నదా నీకు?"

"లేదయ్యా. మా కోసం ఒకరున్నారు. అందుకని నేనుంటానంటున్నా."

"ఎవడు వీడు?" అని ఆఫీసరు జనం వైపు తిరిగి అడిగాడు. "ఏ ఊరోడు?"

ఎవరూ పలకలేదు. బొంకలేను, అప్పగించలేను. ఫాదర్ కళ్ళు మూసుకున్నారు, పెదవులు కదులుతున్నాయి. అమీన్ ఒక అడుగు ముందుకు వేశాడు.

"మా ఎల్లారెడ్డి మనిషి సాబ్. గంపలల్లుతడు."

ఆఫీసరు చెయ్యి విదిలించి వెళ్ళిపోయాడు. రైలు వచ్చింది. ఫాదర్ గంప చేత్తో పట్టుకునే ఎక్కారు. కిటికీలోంచి నావైపు కాదు, ఇన్నయ్యగారివైపు కాదు, ఎంకటివైపే చూసి చెయ్యెత్తి దీవించారు. ఆయనను నేను మళ్ళీ చూడలేదు.

ఆ రోజు అమీన్ బొంకాడా అని మీలో తెలివైనవాళ్ళు అడుగుతారు. ఎంకటి బిడ్డ ఎల్లారెడ్డిలో పుట్టి, ఎల్లారెడ్డి మాట నేర్చి, అప్పటికి సాయవ్వ వండకం దగ్గర బెల్లం అడుక్కు తింటూ తిరుగుతోంది. మా గుడి కప్పు మీద అతని ముడులు ఉన్నాయి. ఇంకేం చేస్తే ఒక మనిషి ఒక ఊరివాడు అవుతాడో మీరే చెప్పండి, నేను వింటాను.

రైలు పోయాక ప్లాట్‌ఫారం ఖాళీ అయింది. ఎంకటి పట్టాల వైపు చూస్తూ అలాగే నిలబడ్డాడు. తన తప్పు అప్పుడు గుర్తొచ్చినట్టుంది, అమీన్ దగ్గరవుతుంటే బిగుసుకుపోయాడు. అమీన్ కోపంగానే మాట్లాడాడు.

"నాకు చెప్పకుంట ఎల్లారెడ్డి ఎందుకు దాటినవ్‌రా?"

ఎంకటి తలగుడ్డ తీసి చేతుల్లో పట్టుకున్నాడు.

"పా, బండెక్కు. రేపు అంగడి. హాజరీ ఉన్నది నీకు."